కరిగిన చాక్లెట్‌కూ వేసవి సెలవుల్లో గిరాకీ
రూపు చెడిన సరుకును పారవేయనక్కరలేదు. దాచి అమ్మనూ కూడదు

ఎండలు ముదిరితే చాక్లెట్ వ్యాపారం మందగించడం ఏటా వున్నదే. తంబళ్లపల్లె, ములకలచెరువు, బి. కొత్తకోట వంటి ఊళ్లలో చల్లని గది లేని చిల్లర దుకాణదారు ఏప్రిల్ వచ్చేసరికి నిలవలు తగ్గించుకుంటాడు. కోకో వెన్న 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రేకుల కప్పు కింద మధ్యాహ్నం వేడి ఆ హద్దు దాటడం వేసవిలో కొత్త కాదు. పగలు కరిగి, రాత్రి గట్టిపడి, పైన తెల్లని పొర కట్టిన బిళ్లను పిల్లవాడు కూడా తిరిగి ఇచ్చేస్తాడు. ఆ నష్టాన్ని చిల్లర వర్తకుడు భరిస్తాడు, లేదా సరుకు వేసిన ఏజెంటుతో తగవు పడతాడు.

అయితే సెలవు రోజుల్లో పిల్లల కోసం ఇళ్లలో చేసే ఒక తీపి వంటకానికి చాక్లెట్‌ను ఎలాగూ కరిగించవలసిందే. అదే చాక్లెట్ మార్ష్‌మెలో డిప్. బిస్కట్టో పండుముక్కో అద్దుకొని తినే వేడి చాక్లెట్ పాకమిది. రూపు చెడిన సరుకుకు ఇది సరైన దారి చూపుతుందా, అందులో ఎంత మిగులుతుంది, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నవి వర్తకులు ఆలోచించదగిన విషయాలు.

వంటకం పుట్టిల్లు

ఈ తీపికి మూలం అమెరికా. వేసవి సెలవుల్లో గుడారాలు వేసుకొని, చలిమంట దగ్గర మార్ష్‌మెలోను పుల్లకు గుచ్చి కాల్చి, చాక్లెట్ బిళ్లతోపాటు రెండు బిస్కట్ల నడుమ పెట్టుకొని తినడం అక్కడి పిల్లల అలవాటు. దానిని స్మోర్ అంటారు. అక్కడి గర్ల్ స్కౌట్ల కోసం 1927లో అచ్చయిన పుస్తకంలో దీని తయారీ వున్నది. మంట దగ్గర ఒక్కొక్కటిగా చేసే దానిని ఇంట్లో ఒకే గిన్నెలో పదిమందికి సరిపడా చేస్తే అది డిప్ అవుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది తెలిసిన రుచే. జూన్, జూలై నెలల్లో వారు తాతగారి ఊరికి వచ్చినప్పుడు దుకాణంలో మార్ష్‌మెలో అడిగితే ఆశ్చర్యపోనక్కరలేదు.

మిఠాయి పరిశ్రమ పూర్వపు చిత్తూరు జిల్లాకు కొత్తది కాదు. న్యూట్రిన్ మిఠాయిల కంపెనీ చిత్తూరులో 1952లోనే మొదలైంది. 2006లో అది గోద్రెజ్ చేతికి వచ్చింది. 2007లో అమెరికాకు చెందిన హెర్షీ కంపెనీ గోద్రెజ్‌తో భాగస్వామి అయింది. అమెరికాలో స్మోర్ అనగానే పేరు వినిపించేది ఈ హెర్షీ చాక్లెట్టే. అదే పాత జిల్లా తూర్పు అంచున శ్రీసిటీలో 2016లో మాండలీజ్ కంపెనీ పెద్ద చాక్లెట్ కర్మాగారం ప్రారంభించింది. పడమటి అంచున వున్న తంబళ్లపల్లెకు చాక్లెట్ దూరదేశపు సరుకు అనుకొనే రోజులు పోయాయి.

పైగా తంబళ్లపల్లె నియోజకవర్గంలోనే, బి. కొత్తకోట మండలంలో హార్స్‌లీ కొండ వున్నది. ఏనుగు మల్లమ్మ కొండగా పిలిచే ఈ చోట పూర్వం కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి విడిది కట్టుకొన్నాడు. 4 వేల అడుగులకు పైబడిన ఎత్తు కావడంతో కింద ఎండ మండుతున్నా పైన సాయంత్రం చల్లబడుతుంది. బెంగుళూరు నుంచి, మదనపల్లె నుంచి కుటుంబాలు సెలవులకు వస్తాయి. కొండ మీద సాయంకాలం వేడివేడి తీపికి మనసు పోవడం సహజం. మైదానంలో మే నెలలో అమ్ముడుపోని వేడి తీపి అక్కడ చెల్లుతుంది. అయితే ఎండాకాలం అడవి అంచున మంట వేయడం ప్రమాదం. వంటగది పొయ్యి మీద చేసే డిప్ అక్కడికి అన్నివిధాలా మేలు.

తయారీ, కొలతలు

ఎనిమిది మందికి 200 గ్రాముల చాక్లెట్, 100 మిల్లీలీటర్ల చిక్కని పాలు, ఒక చెంచా వెన్న, 100 గ్రాముల మార్ష్‌మెలో, చిటికెడు ఉప్పు సరిపోతాయి.

బాణలిలో రెండు వేళ్ల ఎత్తున నీళ్లు పోసి సన్నని సెగ మీద వుంచాలి. దానిపై స్టీలు గిన్నె కూర్చోబెట్టాలి. గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. చాక్లెట్‌ను చిన్న ముక్కలు చేసి ఆ గిన్నెలో వేయాలి. పాలు వేరే కాచి, పొంగుకు వచ్చే ముందు దించి ముక్కలపై ఒక్కసారిగా పోయాలి. రెండు నిమిషాలు కదపకుండా వదలి, తరువాత వెన్న, ఉప్పు వేసి ఒకే వైపు నెమ్మదిగా కలిపితే నిగనిగలాడే పాకం వస్తుంది. మార్ష్‌మెలోలో సగం అందులో కలిపి కరగనివ్వాలి. మిగతా సగం పైన పరచి మూడు నాలుగు నిమిషాలు మూత పెడితే అవి ఉబ్బి మెత్తబడతాయి. ఓవెన్ వున్నవారు 230 డిగ్రీల వేడిలో ఐదారు నిమిషాలు వుంచితే పైభాగం ఎర్రగా కాలుతుంది. లేనివారు ఆ పని మానినా రుచికి లోటు లేదు.

చాలామంది పొరపాటు పడేది తడి దగ్గర. కరుగుతున్న చాక్లెట్‌లో చుక్క నీరు పడినా అది ఇసుకలా ముద్దకడుతుంది. చక్కెర, కోకో పొడి ఆ కొద్ది తడినే పట్టుకొని ఒకదానికొకటి అంటుకోవడం ఇందుకు కారణం. పాలు కొలత ప్రకారం దండిగా పోస్తే ఈ బాధ వుండదు. ముద్దకట్టిన దానికి కూడా వేడిపాలు మరికొంచెం చేర్చి కలిపితే తిరిగి పాకమవుతుంది. గిన్నె చల్లారి చిక్కబడితే చెంచాడు వేడిపాలు చాలు. పాలు చేరిన వంటకం కనుక వేసవిలో చేసిన పూటే తినివేయడం మంచిది.

అద్దుకోవడానికి అమెరికాలో గోధుమ బిస్కట్లు వాడతారు. ఇక్కడ మారీ, గ్లూకోజ్ బిస్కట్లు, అరటిపండు ముక్కలు, కాల్చిన బన్ను చాలు. వేరుశనగ పండించే ఈ మెట్ట ప్రాంతంలో బెల్లపు పప్పుచెక్క ఇంటింటికీ తెలిసిన తీపి. చాక్లెట్ పాకానికి వేయించిన వేరుశనగ పప్పు బాగా కలుస్తుంది. దుకాణదారుకు ఈ జతలే ముఖ్యం. చాక్లెట్ కొన్న చేతితోనే బిస్కట్లు, పప్పుచెక్క, పాలు, వెన్న కూడా కొనే అవకాశం వున్నది.

చెడింది రూపా, సరుకా?

చాక్లెట్ మీద కనిపించే తెల్లపొర బూజు కాదు. కరిగిన కోకో వెన్న పైకి తేలి మళ్లీ గట్టిపడినప్పుడు అలా తెల్లబడుతుంది. తడి తగిలిన బిళ్లల్లో చక్కెర పైకి వచ్చి ఎండి గరుకు పొర కడుతుంది. రెండింటి వల్లా నిగారింపు పోతుంది, కొరికితే విరిగే గుణం తగ్గుతుంది. తినడానికి హాని లేదు. తిరిగి కరిగించి పాలు కలిపినప్పుడు ఆ పొర జాడ కూడా మిగలదు.

ఈ ప్రాంతపు వర్తకులకు ఇది అర్థం కాని సంగతి కాదు. చూపుకు నిలవని తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. ఒక్కో సరుకుకు ఒక్కో గిరాకీ. మదనపల్లె టమోటా మార్కెట్‌లో 2023 జూలై చివరిలో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడు మచ్చకాయను కూడా ఎవరూ పారబోయలేదు. చాక్లెట్ విషయంలో మాత్రం ఇటువంటి గ్రేడింగు ఆలోచన చిల్లర దుకాణాలకు ఇంకా రాలేదు. బిళ్ల బాగుంటే పూర్తి ధర, లేకుంటే చెత్తబుట్ట అన్నట్లు నడుస్తున్నది.

గ్రేడింగుకు హద్దులు మాత్రం కచ్చితంగా వుండాలి. గడువు తేదీ దాటినది, కవరు చిరిగినది, చీమలు పురుగులు చేరినది, నూనె కనరు వాసన వేసేది ఏ ధరకూ పనికిరాదు. కవరు బిగువుగా వుండి, గడువు వుండి, లోపల బిళ్ల వంకరపోయినది లేదా తెల్లబడినది మాత్రమే రెండో రకం. దానిని విడిగా పెట్టి, ‘వంటకు మాత్రమే’ అని రాసి, ముద్రిత ధరకన్న తగ్గించి అమ్మవచ్చు. కవరు విప్పి తూకంగా అమ్మడం మాత్రం వద్దు. కవరుతోపాటు తేదీ, ముడిసరుకుల వివరం, శాకాహార గుర్తు అన్నీ పోతాయి. తరువాత తగవు వస్తే వర్తకుడి చేతిలో ఆధారం వుండదు.

మార్ష్‌మెలో స్వభావం వేరు. చక్కెర పాకం, జెలటిన్, గాలి కలిసిన ఈ మిఠాయి ఎక్కువ వేడికి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది. ప్యాకెట్ తెరచి వుంచితే రాయలసీమ పొడిగాలికి తోలులా గట్టిపడుతుంది. వానాకాలం తేమకు జిగురవుతుంది. కనుక చిన్న ప్యాకెట్లు తెచ్చి, నీడపట్టున వుంచి, తెరవకుండా అమ్మాలి. అంటుకుపోయిన మార్ష్‌మెలో కూడా గడువులో వుంటే డిప్‌కు పనికివస్తుంది.

ఎనభై రూపాయల తేడా

లెక్క సౌకర్యానికి చాక్లెట్ కిలో కొనుగోలు ధర 100 రూపాయలు, అమ్మకం ధర 115 రూపాయలు అనుకొందాం. ఇది బజారు ధర కాదు. వర్తకుడు 10 కిలోలు తెచ్చాడు, పెట్టుబడి 1,000 రూపాయలు. ఎండకు 2 కిలోలు రూపు చెడ్డాయి. మిగతా 8 కిలోల మీద 920 రూపాయలు వచ్చాయి. ఆ రెండు కిలోలు పారవేస్తే 80 రూపాయలు నష్టం. రెండో రకంగా కిలో 75 రూపాయలకు ఇచ్చివేస్తే 150 రూపాయలు చేరి మొత్తం 1,070 అవుతుంది, 70 రూపాయలు మిగులుతుంది. నష్టం లాభమైంది.

మూడో దారి కూడా వున్నది. చెడిన సంగతి చెప్పకుండా అన్నీ 115 రూపాయలకే అంటగడితే 150 రూపాయలు మిగులుతుంది. నిజాయితీగా అమ్మినదానికీ దీనికీ తేడా 80 రూపాయలు. మేనల్లుళ్ల కోసం బిళ్ల కొని ఇంటికి పోయి విప్పిన మనిషి ఆ తరువాత ఏ దుకాణానికి పోతాడన్నదే ఆ 80 రూపాయల ఖరీదు. పల్లెటూరి వ్యాపారంలో ఒక ఇంటి ఖాతా అంటే చాక్లెట్ ఒక్కటే కాదు. బియ్యం, పప్పు, నూనె, పండుగ సరుకు అన్నీ ఆ ఖాతాలోనివే.

కోకో ధరల ఆటుపోట్లు

ఈ జాగ్రత్త ఇప్పుడు ఎక్కువ కావడానికి కోకో బజారు ఒక కారణం. ప్రపంచ దిగుబడిలో సగానికి పైగా ఐవరీకోస్ట్, ఘనా దేశాలదే. అక్కడ వాతావరణం వికటించి, చెట్లకు తెగులు సోకి పంట తగ్గడంతో 2024లో ధర ఆకాశానికంటింది. న్యూయార్క్ వాయిదా బజారులో 1977లో టన్ను 5 వేల డాలర్లు దాటిన ధర నలభై ఆరేళ్లపాటు రికార్డుగా నిలిచింది. 2024 డిసెంబరులో అదే టన్ను 12 వేల డాలర్లు దాటింది. 2025 చివరికి సుమారు సగానికి దిగింది.

ఈ ఆటుపోట్లు తెలుగునాట కూడా తగిలాయి. దేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నడుమ దీనిని అంతరపంటగా వేస్తారు. 2024 వేసవిలో ఎండు గింజలు కిలో 1,000 రూపాయల దాకా పలికాయి. 2025లో ధర పడిపోయి, కొనేవారు వెనుకాడగా రైతులు ఆందోళనకు దిగారు. గింజ ధర పడినంత మాత్రాన బిళ్ల ధర వెంటనే పడదని వర్తకులు గుర్తించాలి. కంపెనీలు నెలల ముందే ముడిసరుకు కొని వుంచుకుంటాయి. పైగా పాల చాక్లెట్‌లో దాదాపు సగం చక్కెరే. కోకో ఒక్కటే దాని ధరను నడిపించదు.

పన్ను విషయంలో ఊరట దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్‌పైన, బిస్కట్లపైన జి.ఎస్.టి. 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

పేరు ఒకటి, సరుకు ఒకటి

కోకో ప్రియమైనప్పుడు బజారులో కాంపౌండ్ వాడకం పెరగడం సహజం. బేకరీ సామగ్రి దుకాణాల్లో దిమ్మలుగా దొరికే ఈ సరుకులో కోకో వెన్నకు బదులు పామ్ గింజల నూనె వంటి కొవ్వు వుంటుంది. చవక, ఎండకు కొంత నిలుస్తుంది, కరిగించడం సులువు. డిప్‌కు దీనిని వాడితే తప్పు లేదు. అయితే నోట్లో కరిగే తీరు వేరు, రుచి వేరు. కాంపౌండ్‌ను ఆ పేరుతోనే, ఆ ధరకే అమ్మాలి. చాక్లెట్ అని చెప్పి ఇవ్వడం కల్తీ బియ్యం అమ్మడం వంటిదే.

అంతకన్న నాజూకైన విషయం మార్ష్‌మెలోది. అందులో బిగువునిచ్చే జెలటిన్ పశువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి వస్తుంది. శాకాహార కుటుంబాలు చాలా వున్న ప్రాంతమిది. తెల్లగా, దూదిలా వున్న మిఠాయిని చూసి అందులో జంతు పదార్థం వుంటుందని గృహిణి అనుకోదు. అమ్మేవాడికి తెలియకపోతే చెప్పేవారు లేరు. ప్యాకెట్‌పై గోధుమరంగు గుర్తు వున్నదా, ఆకుపచ్చ గుర్తు వున్నదా అన్నది సరుకు దింపుకొనేటప్పుడే చూసి, రెండింటినీ వేర్వేరు అరల్లో పెట్టాలి. అడగకపోయినా చెప్పాలి. వ్రతాలు, నోములు పాటించే ఇంట్లో ఒకసారి జరిగిన పొరపాటును డబ్బు వాపసు ఇచ్చి సరిదిద్దలేము.

ఆకుపచ్చ గుర్తు మార్ష్‌మెలోలు సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ వంటి పదార్థాలతో చేస్తారు. వీటి గురించి కొనేవారికి ఒక మాట ముందే చెప్పడం మంచిది. జెలటిన్ సుమారు 35 డిగ్రీలకే కరిగితే, అగర్ కరగడానికి 85 డిగ్రీల వేడి కావాలి. కనుక అగర్‌తో చేసినవి పాకంలో పూర్తిగా కలిసిపోక మెత్తటి ముక్కలుగా మిగలవచ్చు. వాటిని చిన్నగా తరిగి పైన పరచడానికి వాడుకోవాలి. ఈ సంగతి తెలియక సరుకు పాతదని తిరిగి తెచ్చేవారు వుంటారు.

కొనుగోళ్లకు తగిన వేళ

బడుల సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. ఈ సరుకుకు గిరాకీ కాలం అంతే. ఒకేసారి పెద్ద ఎత్తున తెచ్చి నిలవ చేయడం ఈ వ్యాపారానికి సరిపడదు. మదనపల్లె టోకు దుకాణాల నుంచి వారానికి సరిపడా తెచ్చుకోవడం, తెల్లవారుజామునో రాత్రో రవాణా చేయించుకోవడం, అట్టపెట్టెలను గోడకు ఆనించకుండా నేల దగ్గర చల్లని చోట వుంచడం మంచిది. ఫ్రిజ్‌లో పెట్టేవారు కవరు తడి తగలకుండా డబ్బాలో మూసి పెట్టాలి. చల్లని బిళ్లను బయటికి తీయగానే విప్పితే గాలిలోని తేమ పట్టి చక్కెర పొర కడుతుంది.

రెండో రకం కింద తీసిన బిళ్లలు, గుర్తు చూసి తెచ్చిన మార్ష్‌మెలో, బిస్కట్లు, పప్పుచెక్క ఒకే చోట అమర్చి, తయారీ విధానం అట్టముక్క మీద తెలుగులో రాసి తగిలిస్తే అమ్మకానికి ఆసరా అవుతుంది. జూన్ మొదటివారం నుంచి కొనుగోళ్లు తగ్గించుకోవాలి. బడులు తెరచిన తరువాత ఇంటి ఖర్చు పుస్తకాలు, ఫీజుల వైపు మళ్లుతుంది. అప్పటికి మిగిలిన మార్ష్‌మెలో వానాకాలపు తేమకు నిలవదు.